కోరాపుట్, రాయగడ ప్రాంతాలలో మిషనరీల భాషాభ్యాసం: తెలుగు పాత్ర

క్రైస్తవ మిషనరీలు తెలుగు భాషకు చేసిన సేవను గురించి ఇప్పటికే చాలా వ్యాసాలు వచ్చాయి. 18వ శతాబ్దంలో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిన బెంజమిన్ షుల్జ్, 1814లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన విలియం కేరీ మన సాహిత్య చరిత్రలకు బాగా తెలిసినవారే. ఆ చరిత్రలో తెలుగు గమ్యం. మిషనరీ తెలుగు నేర్చుకుంటాడు, తెలుగులో రాస్తాడు, అంతటితో కథ పూర్తవుతుంది. తూర్పు కనుమల మీద, నేటి ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాలలో జరిగింది వేరు. అక్కడ తెలుగు గమ్యం కాదు, దారి. కొండవాసుల భాషలను చేరడానికి మిషనరీలు దాటవలసి వచ్చిన రెండు వాకిళ్లలో అది ఒకటి. రెండవది ఒరియా.

ఒక జాతి భాషను నేరుగా కాక మరో భాష ద్వారా నేర్చుకొన్నప్పుడు నేర్చుకొనేవాడికి ఏది వినపడుతుంది, ఏది వినపడకుండా పోతుంది? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఈ ఒక్క ప్రశ్ననే. ఇది గతానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఆ కొండల్లో బడికి వెళ్లే పిల్లల విషయంలో అది నేటికీ తేలలేదు.

ప్రాంతం, పరిపాలన, భాషలు

జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. 1839 నాటి చట్టం ఈ కొండ ప్రాంతాన్ని సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి ప్రభుత్వ ఏజెంటు కింద ఉంచింది. ‘ఏజెన్సీ’ అనే మాట మన వాడుకలోకి వచ్చింది అందువల్లనే. 1863లో బ్రిటిష్ అధికారులు, పోలీసులు జయపురంలో నేరుగా అడుగుపెట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం కోరాపుట్ జిల్లాగా అందులో చేరింది. 1992 అక్టోబరు 2న ఆ జిల్లా నుంచి రాయగడ, నవరంగపురం, మల్కనగిరి విడివడ్డాయి.

అంటే 1936 వరకు పై అధికారుల కచేరీలు, కాలేజీలు, పెద్ద ఆసుపత్రులు అన్నీ విశాఖపట్నం, మద్రాసు వైపే. కనుమ దిగితే సాలూరు, పార్వతీపురం. ఆ దిగువంతా తెలుగు. కనుమ ఎక్కితే వివిధ జాతులవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడే దేశియా ఒరియా. ఈ రెండింటి మధ్య, కొండ ఊళ్లలో, ఎవరి ఇంటి భాష వారిది. కోదుల కువి, పెంగో, పర్జీ ద్రావిడ భాషలు. సవర, బోండా ముండా భాషలు. గదబల విషయం మరీ విచిత్రం. ఒకే పేరు గల జనంలో కొందరు ముండా కుటుంబానికి చెందిన గుతోబ్ మాట్లాడతారు, మరికొందరు ద్రావిడ భాష అయిన ఒల్లారి మాట్లాడతారు. జాతి పేరును బట్టి భాషను ఊహించేవాడు ఇక్కడ మొదటి రోజే దారి తప్పుతాడు.

మరొక సంగతిని కూడా గమనించాలి. గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషా సర్వేక్షణ మద్రాసు రాజధానిని తన పరిధిలోకి తీసుకోలేదు. దాని ఫలితంగా, భాషల వైవిధ్యంలో దేశంలోనే అరుదైన ఈ ప్రాంతం ఆ మహాకార్యానికి వెలుపలే ఉండిపోయింది. ప్రభుత్వం చేయని పని మిషనరీల మీదా, ఆసక్తి గల ఒకరిద్దరు పండితుల మీదా పడింది. వారి పుస్తకాలకు ఇంత విలువ రావడానికి మొదటి కారణం ఇదే.

బ్రెక్లుం నుంచి కోరాపుట్‌కు

జర్మనీ ఉత్తరాన బ్రెక్లుం అనే పల్లెలో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు 1876లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ లూథరన్ మిషనును స్థాపించాడు. ఆ మిషను పంపిన మొదటివారు ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్. కోరాపుట్‌లో 1882లోను, సాలూరులో 1883లోను మిషను కేంద్రాలు ఏర్పడ్డాయి. తర్వాత జయపురం, కోటపాడు, నవరంగపురం, పార్వతీపురం వంటి చోట్లకు పని విస్తరించింది. ఈ రెండు తొలి కేంద్రాల స్థానాన్ని చూస్తేనే వారి భాషా సమస్య తెలుస్తుంది. ఒకటి కనుమ పైన, ఒరియా వాడుకలో ఉన్న చోట. మరొకటి కనుమ కింద, తెలుగు దేశంలో. ఒకే మిషనులో పనిచేసే ఇద్దరు వేర్వేరు భాషలు నేర్చుకోక తప్పదు.

ఆ యువకుల మాతృభాష జర్మన్. అధికారులతో వ్యవహారానికి ఇంగ్లీషు కావాలి. ఉన్న చోటును బట్టి ఒరియా గాని తెలుగు గాని రావాలి. ఇవన్నీ అయిన తర్వాతే కోదుల భాష వంతు వచ్చేది. అది ఆ విధంగా నాలుగవ భాష. ఒరియాకు, తెలుగుకు పుస్తకాలు, నిఘంటువులు, జీతానికి దొరికే మునిషీలు ఉన్నారు. కువికి అవేవీ లేవు. మన్యపు జ్వరాల మధ్య, దీర్ఘకాలం బతికి ఉంటామన్న భరోసా లేని చోట, పుస్తకం ఉన్న భాషనే ముందు నేర్చుకోవడం సహజం. అయితే ఆ ఎంపికకు ఫలితం ఉంది.

ఒరియా నేర్చిన మిషనరీ మాట ఒరియా మాట్లాడేవారికే అందింది. కొండ ఊళ్లలో అలా మాట్లాడేవారిలో ముఖ్యులు దొంబు కులస్థులు. నేత, చిల్లర వర్తకం వారి వృత్తులు. చాలా కోదు ఊళ్లలో ‘బారికి’ పని, అంటే కబురు మోసే పని, అధికారికి ఊరికి మధ్య మాట చేరవేసే పని వారిదే. భూమి లేక, అంటరానివారుగా నెట్టివేయబడి ఉన్న ఆ జనానికి కొత్త మతం ఇచ్చిన గౌరవం, చదువు చిన్నవి కావు. మిషను సంఘాలలో అధిక సంఖ్యాకులు వారే అయ్యారు. 1928లో జయపురం ఎవాంజలికల్ లూథరన్ సంఘంగా రూపొందిన సమాజంలో ఆరాధన, బడి చదువు ప్రధానంగా ఒరియాలో సాగాయి. కోదులను ఉద్దేశించి వచ్చిన మాట కోదుల భాషలో రావడానికి చాలా కాలం పట్టింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ కనిపించదు. ఏ వాకిలి గుండా వచ్చారో ఆ వాకిట్లో నిలిచినవారే మొదట ఎదురయ్యారు.

కువి వ్యాకరణాలు

ఈ పరిస్థితిని మార్చిన పుస్తకం 1911లో మద్రాసులో అచ్చయింది. బ్రెక్లుం మిషనుకు చెందిన ఎఫ్. వి. పి. షుల్జె ‘విస్తారమైన ఉదాహరణలతో’ అనే వివరణను పేరులోనే చేర్చి కువి భాషా వ్యాకరణాన్ని ప్రకటించాడు. 1913లో కువి పదకోశం వచ్చింది. పైన చెప్పిన బెంజమిన్ షుల్జ్‌కు ఈయనకు సంబంధం లేదు. పేర్ల పోలికను చూసి ఇద్దరినీ కలపరాదు. అదే 1913లో కువిని గురించి ఎ. జి. ఫిట్జెరాల్డ్ రాసిన ‘కువింగ బస్స’ కలకత్తాలో వెలువడింది.

జర్మన్ రచయిత తన పుస్తకాన్ని ఇంగ్లీషులో రాయడం గమనించదగినది. బ్రెక్లుంలో చదివే వారి కోసమే అయితే జర్మన్ చాలు. అధికారులు, ఇతర మిషనుల వారు, దేశీయ విద్యావంతులు కూడా చదవాలంటే ఇంగ్లీషే మార్గం. అయితే ఆ పుస్తకాల తర్వాత ఏడాదికే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మన్ మిషనరీలు నిర్బంధానికి గురై దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. వారి పనిని రాజమండ్రి వైపు అమెరికన్ లూథరన్లు కొంతకాలం చూసుకున్నారు. తిరిగి 1920ల తర్వాతి అర్ధభాగంలో గాని జర్మన్లు రాలేకపోయారు. ముప్పై ఏళ్ల భాషాభ్యాసం ఫలితమంతా ఒక తరం వారి తలల్లోనే ఉండి ఉంటే అప్పటితో పోయేది. అచ్చులో ఉన్నందువల్ల మిగిలింది.

మిగిలి ఏమయింది? టి. బరో, ఎం. బి. ఎమెనో 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో కువి మాటల పక్కన కుండలీకరణాలలో రచయితల సంకేతాక్షరాలు కనిపిస్తాయి. ఒకటి ఫిట్జెరాల్డ్, మరొకటి షుల్జె. వారు విన్న మాండలికాలు, రాసిన పద్ధతులు వేరు గనుక ఇద్దరి సాక్ష్యాన్నీ విడివిడిగా చూపారు. మతప్రచారం కోసం సేకరించిన మాటలు ఈ విధంగా తెలుగు మాటల పుట్టుకను తేల్చడానికి ఆధారాలయ్యాయి. కువి, తెలుగు రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. మన ‘ఇల్లు’ కువిలోనూ ఇల్లే. మన ‘ఏరు’తో పుట్టిన మాట కొండ భాషలో ‘ఏరు’ అనే రూపంతోనే, కువిలో ‘ఏయు’ అనే రూపంతో, నీళ్లు అనే అర్థం ఇస్తుంది. మనకు ప్రవాహంగా మిగిలినది వారికి కుండలో నీరు. ఈ శాఖలోని భాషల గురించి భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో కొండ భాషా వర్ణనను, ఎం. ఇజ్రాయెల్ 1979లో కువి వ్యాకరణాన్ని ప్రకటించారు. వీటితో ఈ అధ్యయనం మిషనరీల నుంచి భాషాశాస్త్రవేత్తల చేతికి పూర్తిగా వచ్చింది.

తెలుగు చేసిన మేలు, చేయలేని మేలు

తెలుగు ద్వారా కువిలోకి వచ్చేవాడికి ఒక పెద్ద సదుపాయం ఉంది. అది ‘మేము’, ‘మనము’ల భేదం. జర్మన్‌లో, ఇంగ్లీషులో ఈ భేదం లేదు. తెలుగులో ఉన్నట్టే కువిలో ఉంది: వినేవాడిని మినహాయిస్తే ‘మాంబు’, కలుపుకొంటే ‘మారొ’. మతబోధకుడికి ఇది వ్యాకరణంలోని చిన్న అంశం కాదు. ప్రార్థనలో భగవంతునితో మాట్లాడేటప్పుడు వినేవాడు భగవంతుడే గనుక ‘మేము’ అనాలి. ఊరివారిని పిలిచి చెప్పేటప్పుడు ‘మనము’ అనాలి. ఈ రెండూ తారుమారైతే, ఊరివారిని వెలుపల ఉంచి తన సంఘం గొప్ప చెప్పుకొన్నట్టు ఉంటుంది, లేదా దేవుడిని కూడా పాపుల్లో కలిపినట్టు ఉంటుంది. తెలుగు బాగా వచ్చినవాడికి ఈ మెలకువ అలవాటై ఉంటుంది.

కాని తెలుగే తప్పుదారి పట్టించే చోటు కూడా ఉంది. ఏకవచనంలో రెండు భాషలదీ ఒకటే తీరు: పురుషుడు ఒక వర్గం, స్త్రీ, పశువు, వస్తువు మరో వర్గం. బహువచనంలో దారులు విడిపోతాయి. తెలుగులో స్త్రీలు వచ్చినా పురుషులు వచ్చినా ‘వారు వచ్చారు’ అంటాము; మనుషులంతా ఒకటి. కువిలో బహువచనంలో కూడా స్త్రీలు పురుషేతర వర్గంలోనే ఉంటారు. తెలుగు అలవాటుతో వచ్చినవాడు స్త్రీలను గురించి పురుషులకు వాడవలసిన రూపం వాడతాడు. వినేవారికి అర్థం కాకపోదు, కాని మాట పరాయిది అవుతుంది. దగ్గరి భాష కావడం వల్ల వచ్చే ప్రమాదం ఇది. దూరపు భాషను జాగ్రత్తగా నేర్చుకుంటాము, చుట్టపు భాషను వచ్చేసిందనుకుంటాము.

వ్యాకరణం కన్నా కఠినమైనవి కొన్ని మాటలు. కుయి, కువి భాషలలో ‘పేను’ అంటే దైవం. గోండీ ‘పెన్’ దీనికి చుట్టం. అయితే ఈ మాట ఒక్క దేవుడిని చెప్పదు. నేల ఒక పేను, కొండ ఒక పేను. ఈ మాటను తీసుకొని ఏకేశ్వరుడికి పెడితే పాత అర్థాలన్నీ వెంట వస్తాయి. వదలివేసి తెలుగు నుంచో ఒరియా నుంచో మాట తెస్తే ఆ దేవుడు పైనుంచి వచ్చిన అధికారిలా ఉంటాడు. ఆ మాట లోతు ఎంతో తర్వాతి కాలంలో న్యాయస్థానంలో తెలిసింది. రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దులోని నియమగిరిపై బాక్సైట్ గని విషయంలో, డోంగ్రియా కోదుల మతహక్కులకు భంగం కలుగుతుందా అన్న సంగతిని గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ గనిని తిరస్కరించాయి. డోంగ్రియాల మాట కువికి ఒక రూపం. కొండ దైవమని వారు అన్నది అలంకారంగా కాదని గ్రహించడానికి పేను అనే మాట అర్థం తెలిసి ఉండాలి.

గిడుగు దారి

ఇదే కొండలకు తూర్పున, అదే కాలంలో, మరో రకమైన భాషాభ్యాసం జరిగింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకొని సవర నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. సవర భాషా వ్యాకరణాన్ని 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. పుస్తకాల భాషకు బదులు జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని పోరాడినవారికి, సవర పిల్లలకు సవరలో చదువు కావాలన్నది వేరే ఉద్యమం కాదు.

గిడుగువారి దారి కూడా తెలుగు గుండానే సాగింది. కాని ఆయన చేరినది ద్రావిడేతర భాష. సవర ముండా భాష గనుక తెలుగు పోలికలు అక్కడ అక్కరకు రావు. అందుకే ఆయన చెవిని నమ్ముకోవలసి వచ్చింది. ధ్వనులను ఉన్నవి ఉన్నట్టు రాయాలన్న పట్టుదల ఆయన పుస్తకాలలో కనిపిస్తుంది. మిషనరీకి, ఆయనకు శ్రమలో తేడా లేదు. తేడా ప్రయోజనంలో ఉంది. మిషనరీ తన వద్ద ఉన్న మాటను వారికి చెప్పడానికి నేర్చుకున్నాడు. గిడుగు వారి మాటలో వారికి చదువు రావడానికి నేర్చుకున్నారు.

మిషను వైపు కూడా ఈ తేడా తెలిసినవారు లేకపోలేదు. రాయగడ జిల్లా బిస్సం కటక్‌లో డెన్మార్క్ వైద్యురాలు లిస్ మాడ్సెన్ 1954లో ప్రారంభించిన క్రైస్తవ ఆసుపత్రి నేటికీ ఆ ప్రాంతానికి పెద్ద ఆధారం. వైద్యంలో భాషాభ్యాసపు దిశ తిరగబడుతుంది. బోధకుడు చెప్పడానికి నేర్చుకుంటాడు. వైద్యుడు వినడానికి నేర్చుకోవాలి. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా, ఎలాంటి నొప్పి అన్నది రోగి తన ఇంటి భాషలోనే సరిగా చెప్పగలడు.

భాష నేర్చిన వారంతా ఆ భాషలోని సంపదనంతా నిలపలేదు కూడా. సవరలు తమ చనిపోయినవారితో, పూనకం వచ్చిన మధ్యవర్తి నోట, మాట్లాడే సంప్రదాయాన్ని పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఒక గ్రంథంలో విపులంగా వర్ణించాడు. 2017లో వచ్చిన ఆయన రెండవ గ్రంథం ఆ సంభాషణ ఎలా ఆగిపోయిందో చెబుతుంది. కొత్త తరం బాప్టిస్టులుగానో, మరో మత మార్గంలోనో సాగింది. ఆ కర్మకాండతో పాటు దానిలో మాత్రమే వినిపించే సవర వాక్కు కూడా తగ్గిపోయింది.

లిపి, సరిహద్దు

1936 సరిహద్దు భాషను చూసి గీసినదే, కాని చూసినది ఒరియా, తెలుగు మాత్రమే. కువి, సవర రెండు వైపులా ఉండిపోయాయి. గిడుగు వారే ఆ ఏడాది పర్లాకిమిడి ఇల్లు విడిచి రాజమండ్రికి చేరారు. అదే 1936లో గునుపురం ప్రాంతంలో మంగెయి గొమాంగో సవరకు సొరంగ్ సోంపెంగ్ అనే కొత్త లిపిని కల్పించాడు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. క్రైస్తవ సవరలు రోమన్ లిపికి అలవాటు పడ్డారు. గిడుగు వారి బడిపుస్తకాల వారసత్వం తెలుగు లిపి. ఒకే భాష చదువుకున్నవారు ఒకరు రాసినది మరొకరు చదవలేని స్థితి ఇది.

కువిదీ అదే దారి. షుల్జె, ఫిట్జెరాల్డ్ రోమన్ అక్షరాలలో రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మాతృభాషా మాధ్యమ కార్యక్రమం ఎనిమిది భాషలతో మొదలైనప్పుడు కువి తెలుగు లిపిలో బడికి వచ్చింది. ఒడిశాలో 2006–07లో పది భాషలతో మొదలైన కార్యక్రమంలో కువి ఒడియా లిపిలో వచ్చింది. రాయగడ కొండ మీద కోదు పిల్లవాడు, పార్వతీపురం కొండ మీద అతని మేనత్త కొడుకు ఒకే మాటలు మాట్లాడతారు. ఒకరి వాచకం మరొకరికి చదవరాదు. మిషనరీల కాలంలో రెండు వాకిళ్లుగా ఉన్న తెలుగు, ఒరియా ఇప్పుడు రెండు గోడలైనాయి.

తెలుగు శాఖల బాధ్యత

పైన చెప్పిన పుస్తకాల పేరుపత్రాల మీద రచయిత పేరు ఒక్కటే ఉంటుంది. ప్రతి మాటనూ ఎవరో ఒక కోదు రైతు, ఒక దొంబు బారికి, ఒక సవర కుర్రవాడు పదేపదే పలికి వినిపించి ఉండాలి. ఈ గురువుల స్థానం మన భాషా చరిత్రలో ఖాళీగా ఉంది. గతాన్ని ఇప్పుడు సరిదిద్దలేము గాని, ముందు చేయబోయే పనిలో ఆ లోపం లేకుండా చూడవచ్చు.

కువి, కొండ, గదబ భాషలను తెలుగు వ్యుత్పత్తికి ఉపకరించే సామగ్రిగా మాత్రమే చూసే అలవాటును తెలుగు శాఖలు మానాలని మేము భావిస్తున్నాము. షుల్జె, ఫిట్జెరాల్డ్ పదకోశాలలోని మాటలను నేటి కువి వ్యవహర్తలతో, సరిహద్దుకు రెండు వైపులా, కూర్చొని సరిచూడాలి. ఏ మాట బతికి ఉంది, ఏది తెలుగుకో ఒడియాకో చోటు ఇచ్చింది అన్నది నమోదు చేయాలి. ఆ పదకోశం తెలుగు, ఒడియా లిపులు రెండింటిలోనూ పక్కపక్కనే అచ్చు కావాలి. మాట చెప్పినవారి పేరు, వారు ఒప్పుకొంటే, పేరుపత్రం మీదనే ఉండాలి. పరిశోధక విద్యార్థి తెలుగులో ప్రశ్న వేసి కువిలో జవాబు రాసుకొనే పద్ధతి పోయి, ముందు ఒక ఏడాది కువిలో మాట్లాడడం నేర్చుకోవాలి.

నూరేళ్లకు పైగా క్రితం, సొంత భాషకు ఏ పోలికా లేని దేశం నుంచి వచ్చినవారు నాలుగవ భాషగా కువిని నేర్చుకున్నారు. సాలూరు కనుమ కిందనే ఉన్న మనకు అది రెండవ భాషగా అందుబాటులో ఉంది.